ముందుగాల నెగటివ్ తియ్యి

హాజీపూర్ చౌరస్తాల నా రేకుల షెడ్డు.
అటు అచ్చంపేట, ఇటు డిండి,
నడుమల శ్రీశైలం బోయే తొవ్వ.
పొద్దుగూకినంక వచ్చింది నీ బండి
పక్కలకు పులిబొమ్మ ఏసుకొని.
లోపల మంచం, చిన్న ఫ్రిజ్జు, పంక, పొయ్యి.
చక్రాల మీద సంసారం.

"మెకానిక్ లేడా?" అని నా ఎన్కకెల్లి సూసినవు.
నేనే.
"లైట్లు మినుకుమంటున్నయక్కా,
జర టేపు సుట్టియ్యి సాలు,
మన్ననూరు గేటు మూస్తరు, పోవాలె."

కూసో తమ్మీ.
నేను పానా పట్టకముందు ముక్కు వెడ్త.
కాలిన వైరు వాసన
మాడిన కూర లెక్క గాలికి వోదు,
గొంతెనక వోయి కూసుంటది.
నీ బండిల అది కూసొని శానా దినాలైంది.

ముందుగాల నెగటివ్ తియ్యాలె.
పాజిటివ్ కాదు.
పానా జారి రేకుకు తాకితె
పన్నెండు వోల్టులే గదా అనేటోనికి
ఒక్క మెరుపుల లెక్క తేలుస్తది.
నాకు పని నేర్పిన ఖాజా భాయ్ ఏలికి
ఉంగరం లేకుండె,
ఉంగరమంత మచ్చ ఉండె.
పెండ్లయిన నెలకే కరిగిందట.

మంచం కింది పలక లేపిన.
ఇన్వర్టర్‌కు ఎవడో
మొలతాడంత వైరు కట్టిండు.
డిండి నీళ్ళన్ని పిల్ల కాలువల ఇడిస్తె
గట్టు ఊకుంటదా?
రేకుకు పొడిసిన బొక్కకు రబ్బరు లేదు.
గుంత గుంతకు ఆ అంచు
మేక కొమ్మను గీకినట్టు వైరును గీకుతుంది.
సైకిల్ ట్యూబు కోసి దానికి పెదవి పెట్టిన.
మెలేసిన అతుకులు ఇప్పి, లగ్గులు నొక్కిన.
ఎర్తు కాడ రంగు గీకిన, ఇనుము తెల్లగ నవ్వేదాక.

అప్పుడు ఫ్యూజు డబ్బ మూత తీసిన.
లోపల
సిగరెట్ డబ్బ జిగేలు కాయితం,
మడిచి, దూర్చి.
"ఎవలు వెట్టిన్రు?"
"దేవరకొండల ఒకాయన.
అప్పటి సంది ఒక్కసారి ఫ్యూజు పోలేదక్కా!"
సంబురంగ చెప్పినవు.

పోదు తమ్మీ.
పోవాల్సింది అదొక్కటే,
దాన్నే పోనియ్యలేదు మీరు.

నీ లెక్కనే ఒకపారి ఒక వ్యాను,
నీ లెక్కనే ఉరుకులాట.
దుకాణంల ఫ్యూజులు అయిపోయినయి.
ఖాజా భాయ్ జేబుల కెల్లి డబ్బ తీసి
కాయితం మడిచిండు. నేను టార్చ్ పట్టిన.
"గేటు దాటినంక కొత్తది ఏసుకోండ్రి" అన్నడు.
వాళ్ళకు గేటు దొరకలే.
దాని ముందుగాల్నే ఆపి, పంక ఏసుకొని పండుకున్నరు.
నడి రాత్రి ఎన్క తలుపుకెల్లి దుంకిన్రు అందరు,
ఒకామె పిల్లను దుప్పట్ల సుట్టుకొని.
పాణాలు దక్కినయి. బండి దక్కలే.
తెల్లారి భాయ్ మోపెడ్ మీద వోయిండు.
వచ్చి ఏం మాట్లాడలే,
నల్లటి ముద్దొకటి మొలకు ఏలాడగట్టిండు.
గదే, నీ నెత్తి మీద ఉన్నది.
దిష్టికి కట్టిన నిమ్మకాయ అనుకున్నవు గదా.
ఆ దినం సంది ఆయన సిగరెట్ ముట్టలే,
కాయితం చేతికి అందుతదని.

ఇయ్యాల నీకు గేటు దొరకదు.
షెడ్డు ముందల్నే పండు.
బ్యాటరీ పక్కనే కొత్త ఫ్యూజు ఏసిన, జానెడు దూరంల.
లైట్లకు, పంకకు పదిహేను ఆంపియర్లు వేరే పెట్టిన.
పోతె పోనియ్యి. ఎందుకు వోయిందో దేవులాడు,
ఇరవై ఏసి మొండిగ నడపకు.
ఏ వైరు ఎటు వోతుందో
టేపు మీద రాసి అతికిచ్చిన: పంక, ఫ్రిజ్జు, మంచం లైటు.
నా అచ్చరాలు వంకరే, వైర్లు సక్కగున్నయి.

ఇగో, ఆఖరుకు నెగటివ్.
బిగియ్యి, నువ్వే. ఇంకొంచెం.
పైసలు పొద్దుగాల ఇద్దువు.
తలకాడి లైటు ఒక్కటి ఆర్పకు తమ్మీ,
తొవ్వకు అవుతల మా ఇంటి కిటికికెల్లి
అది ఊగుతుందా నిలవడ్డదా
పండుకునే ముందు ఒకపారి సూస్త.